నంబరు పెరిగిందని రాశావు

జూన్ 9

తమ్ముడికి,

అక్క రాస్తోంది. నీ ఉత్తరం శనివారం అందింది. అందిన దగ్గర్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నువ్వేమో రెండు ముక్కలు రాసి ఊరుకున్నావు. జలుబు ఇంకా తగ్గలేదు, ముక్కులో నెత్తురు చెక్కులు కడుతోంది, కీళ్ళు పట్టేస్తున్నాయి, మిగతా అంతా బాగుంది అని. ఇంక మిగిలిందేమిట్రా బాగుండడానికి?

జలుబు మూడు నెలలు ఉంటుందా ఎక్కడన్నా. కీళ్ళ నొప్పులు నాకూ ఉన్నాయి, కానీ నావి ఎక్కడివక్కడే పడి ఉంటాయి. నీవి ఇవాళ మోకాలు, రేపు మణికట్టు, ఎల్లుండి చీలమండ అని షికారు తిరుగుతున్నాయి. పైగా కాళ్ళ మీద ఎర్రటి చుక్కలు లేచాయని సంతకం కింద ఇరికించి రాశావు. అసలు సంగతి చిట్టచివర చెప్పే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది. లెక్కల్లో తప్పిన సంగతి కూడా అన్నం తినేసి, చెయ్యి కడుక్కుంటూ చెప్పావు.

డాక్టరు దగ్గరికి వెళ్ళు. రాతి దుమ్ముకి ముక్కు అలాగే ఉంటుందని నాకు చెప్పకు. నలభై ఏళ్ళ నుంచి ఇళ్ళకి పేర్ల పలకలు చెక్కుతున్నావు, నలభై ఏళ్ళ నుంచీ దుమ్ము ఉంది, నెత్తురు ఇప్పుడొచ్చింది. మీ అమ్మాయిని వెంట తీసుకెళ్ళు. ఒక్కడివే వెళితే ఆయన అడిగినదానికల్లా "పర్వాలేదండీ" అని వచ్చేస్తావు.

ఫోను చెయ్యకు. నా చెవులకి ఫోనులో నీ గొంతు కూడా నీ గ్రైండరు మోతలాగే వినిపిస్తుంది. ఏమన్నాడో ఏమోనని తర్వాత వారం రోజులు కుమలాలి. ఉత్తరమైతే పదిసార్లు చదువుకోవచ్చు.

ఇక్కడ కింద టైలరు మాస్టారికి పని ముమ్మరంగా ఉంది. రోజుకి ఏడెనిమిది చొక్కాలకి కాజాలు కుడుతున్నాను. నిన్న మెట్లు దిగాక స్టవ్ కట్టానో లేదోనని మళ్ళీ ఎక్కాను. కట్టే ఉంది. దిగాక కొళాయి గుర్తొచ్చింది. మాస్టారు, "అమ్మా, మీరు కుట్టిన కాజాల కన్నా ఎక్కిన మెట్లే ఎక్కువ" అని నవ్వాడు. నవ్వనీ.

రెండేళ్ళ క్రితం రక్తం తక్కువై ఈ మెట్ల మీదే పడ్డానా లేదా. నంబరు ఏడు ఉందన్నారు. పదకొండుకి ఎక్కేదాకా ఆస్పత్రి సిస్టరమ్మ నన్ను వదల్లేదు. నీకూ అదే అయ్యుంటుందని నా అనుమానం. పరీక్ష చేయించుకుని నంబరు ఎంతో రాయి.

వేళకి తిను.

నీ అక్క

*

జూన్ 18

అక్కకి,

వెళ్ళాను. అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. డాక్టరు ఏమడిగినా నా కంటే ముందు అదే జవాబు చెప్పింది. అన్నీ నువ్వే రాసి పంపావని నా అనుమానం.

ముక్కులో దీపం పెట్టి చూశారు. రక్తం తీశారు, మూత్రం పట్టివ్వమన్నారు. మూత్రంలో కంటికి కనపడని నెత్తురు ఉందట. నురగ నాకే కనపడుతోంది. రక్తంలో క్రియాటినిన్ అని ఒకటి చూశారు. కిడ్నీలు ఎలా పని చేస్తున్నాయో ఆ నంబరు చెబుతుందట. నాది 1.6 ఉంది. వారం వారం చూడాలన్నారు. కిడ్నీ డాక్టరుకి చీటీ రాసిచ్చారు.

పని సగం రోజే చేస్తున్నాను. ఉలి పడితే మణికట్టు మాట వినడం లేదు. నిన్న ఒక పలక మీద "నిలయం" చివర సున్నా పగిలింది. రాయంతా పోయింది. ఇలా జరిగి పదిహేనేళ్ళయింది.

అలసటగా ఉంది, అంతే. కంగారు పడకు అని రాయను. రాసినా పడతావు.

తమ్ముడు

*

జూన్ 25

తమ్ముడికి,

ఒకటిన్నరా. నాది ఏడు ఉంటేనే కళ్ళు తిరిగి పడ్డాను. ఒకటిన్నరతో నువ్వు రాళ్ళెలా ఎత్తుతున్నావురా. నీ ఉత్తరం అరుగు మీదే కూర్చుని మూడుసార్లు చదివాను. మాస్టారు మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

కిడ్నీల నంబరని రాశావు. దేనిదైతేనేం, ఒంట్లో ఉన్నది తరిగిపోతే మళ్ళీ నింపుకోవాలి, అంతేగా. నేను ఏడు నుంచి పదకొండుకి ఎక్కినదాన్ని, నాకు తెలియదా. మాస్టారిని అడిగితే, "అవన్నీ డాక్టర్లు చూసుకుంటారమ్మా" అన్నాడు. అంటే ఆయనకీ తెలియదన్నమాట.

సిస్టరమ్మ నాకు రాసిచ్చిన కాగితం దాచిపెట్టాను. అది చూసి నీకు ఖర్జూరాలు, ఎండు ద్రాక్ష, అంజీరు కొన్నాను. ఖర్జూరాల్లో పెద్దవి ఏరాను. గుడ్డ సంచిలో వేసి మూతి కుట్టేశాను, దారిలో ఒలికిపోకుండా. రోజుకి పది ఖర్జూరాలు, గుప్పెడు ద్రాక్ష. మర్చిపోయానని చెప్పకు. పనిలోకి వెళ్ళకు. ఎండలో నడవకు. స్నానం చేసేటప్పుడు తలుపు గడియ పెట్టుకోకు.

వచ్చే నెల మొదట్లో నేనే వస్తాను. బస్సు ఒంటరిగా ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కడ దిగాలో కండక్టరు అరిచినా నాకు వినపడదు. దాటిపోతే ఎక్కడ తేలతానో ఏమో. అయినా వస్తాను. ఒకటిన్నర అని రాశాక ఇక్కడ ఎలా కూర్చోను.

అక్క

*

జూలై 6

అక్కకి,

పార్సెలు అందింది. సంచి మూతి విప్పడానికి అమ్మాయికి పావుగంట పట్టింది. చివరికి బ్లేడుతో కోసింది. ఎంత గట్టి కుట్టో.

పరీక్షలకని ఐదు రోజులు ఆస్పత్రిలో ఉంచారు. మొన్న ఇంటికొచ్చాను. మాత్రలు మొదలుపెట్టారు, పెద్దవే. పని మానేశాను.

నంబరు పెరిగింది. 3.4.

నువ్వు బస్సెక్కకు. నిన్ను ఎక్కడెక్కడ వెతకాలో అని నాకు ఇంకో కంగారు. నాకు నిద్ర ముంచుకొస్తోంది. మళ్ళీ రాస్తాను.

తమ్ముడు

*

జూలై 13

తమ్ముడికి,

నంబరు పెరిగిందని రాశావు. ఆ ముక్క మీద వేలు పెట్టి పట్టుకుని కిందికి దిగి మాస్టారికి చూపించాను. మూడు వారాల్లో ఒకటిన్నర మూడున్నరయింది. నాకు ఏడు నుంచి ఎనిమిదికి రావడానికే రెండు నెలలు పట్టింది. నీ ఒళ్ళు మంచిది, మందు వెంటనే పట్టింది.

షాపులో అందరికీ బిస్కట్లు పంచాను. గుండీలు కుట్టే ఆవిడ, "ఏమిటమ్మా విశేషం" అంది. మా తమ్ముడికి నంబరు పెరిగిందన్నాను. ఏ నంబరని ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు. బిస్కటు తింది.

ఒక సంగతి చెబుతాను, నవ్వకు. ఆ రోజు మధ్యాహ్నం నేను నిద్రపోయాను. పడుకోవడం కాదు, నిద్ర. లేచేసరికి నాలుగైంది. స్టవ్ చూడలేదు, కొళాయి చూడలేదు, తలుపు గడియ రెండోసారి లాగి చూడలేదు. కిందికి వెళితే మాస్టారు కత్తెర పక్కన పెట్టి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా, ఇవాళ ఒక్కసారే దిగారు" అన్నాడు.

బస్సు మానుకున్నాను. నువ్వు చెప్పింది నిజమే, నేనొస్తే నీకే పని. ఖర్జూరాలు మానకు. పది తింటేనే ఇంత పెరిగింది, పన్నెండు తిని చూడు.

అక్క

*

జూలై 22

అక్కకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నిద్రపోయానని రాసిన చోట ఇంకోసారి చదివాను. మాస్టారు బిస్కట్లు తిన్నాడా లేదా రాయలేదు.

నంబరు 5.2.

ఖర్జూరాలు తింటున్నాను. మాత్రలకి ఆకలి బాగా వేస్తోంది. ముఖం గుండ్రంగా అయింది, కాళ్ళు కూడా లావయ్యాయి. చెప్పులు పట్టడం లేదు. ఎక్కువ దూరం నడవను కాబట్టి ఫర్వాలేదు.

ఇంకా నిద్రపోతున్నావా? అలాగే పడుకో.

తమ్ముడు

*

జూలై 31

తమ్ముడికి,

మాస్టారికి దారం ఉండలు వేసే ఆయన మీ ఊరి మీదుగా వచ్చాడట. వస్తూ మీ ఇంటి తలుపు తట్టి నిన్ను చూశాడట. "మీ తమ్ముడు బుగ్గలు పొంగి, ముఖం చంద్రబింబంలా ఉందమ్మా, పోయినేడాదికీ ఇప్పటికీ పోలికే లేదు" అన్నాడు. ఆ మాట నాకు వినిపించేదాకా మూడుసార్లు అరిచాడు పాపం. ఐదు దాటిందని నువ్వూ రాశావు. ఇంక నీ సంగతి అడగాల్సిన పని లేదు.

అందుకని నా సంగతులు రాస్తాను. ఎదురింటి వాళ్ళు మేడ మీద గది వేస్తున్నారు. ఇసుకంతా మా మెట్ల మీదికి వస్తోంది. గుండీలు కుట్టే ఆవిడకి కళ్ళజోడు మారింది. మారాక గుండీలు అన్నీ ఒక పక్కకి కుడుతోంది. మాస్టారు ఏమీ అనలేక, విప్పి నా చేత కుట్టిస్తున్నాడు. ఆవిడకి తెలియకుండా కుట్టాలి, అదొక దొంగతనం. మొన్న ఒక పెళ్ళికొడుకు కోటు వచ్చింది. దానికి కాజా ఉత్తదే, గుండీ పట్టదు, అందానికట. పట్టని కాజా నా జన్మలో కుట్టలేదు. కుట్టాను, బాగానే కుదిరింది.

మాస్టారికి షాపు ముందు రాతి పలక కావాలట. నువ్వు పనిలోకి దిగాక మొదట ఆయనదే చెయ్యాలి. పేరు ఒక్కటే చాలు, బొమ్మలు వద్దన్నాడు.

ఇంకో పార్సెలు పంపుతున్నాను, మొదటిదాని కన్నా పెద్దది. ఎండిన ఆప్రికాట్లు కూడా వేశాను. ఇవి తింటే పదికి ఎక్కుతావు.

ఇంతకన్నా ఏమీ లేదు. నేను హాయిగా ఉన్నాను.

అక్క

*

ఆగస్టు 10

అక్కకి,

చేతిరాత అమ్మాయిది, మాటలు నావి. నా చెయ్యి వణుకుతోంది. "నీ అబద్ధం నువ్వే రాసుకో నాన్నా, మధ్యలో నేనెందుకు" అని పోట్లాడింది. అబద్ధం కాదు, నిజం రాయించబోతున్నానంటే కలం తీసుకుంది.

ఆ నంబరు పెరగకూడదు. తగ్గాలి. నీ రక్తం నంబరు వేరు, ఇది వేరు. కిడ్నీలు కడిగి బయటికి పంపాల్సిన మురికి రక్తంలో ఎంత మిగిలిపోతోందో చెప్పే నంబరు ఇది. మామూలుగా ఒకటి దగ్గర ఉండాలి. నాది ఏడు వారాల్లో 7.8 అయింది. నువ్వు సంతోషించిన ప్రతిసారీ నేను ఇంకో మెట్టు దిగాను.

జబ్బు సంగతి డాక్టరు చెప్పినట్టే చెబుతాను. బయటి జబ్బుల మీద పోట్లాడడానికి ఒంట్లో ఒక కాపలా ఉంటుంది. నాలో అది దారి తప్పి నా రక్తనాళాల మీదే పడింది. పెద్దవాటి మీద కాదు, వెంట్రుక కన్నా సన్నటి వాటి మీద. అవి ముక్కులో ఉంటాయి, చర్మం కింద ఉంటాయి, ఊపిరితిత్తుల్లో ఉంటాయి, కిడ్నీల నిండా ఉంటాయి. ముక్కులో నెత్తురు, కాళ్ళ మీద చుక్కలు, తిరిగే నొప్పులు, మూత్రంలో నురగ, నేను నాలుగు జబ్బులనుకున్నవి ఒకటే. జూలైలో ఆస్పత్రిలో ఉంచినప్పుడు వీపు వైపు నుంచి సూది గుచ్చి, కిడ్నీలోంచి దారప్పోగంత ముక్క తీశారు. అప్పుడు తేలింది. రాతి దుమ్ము గురించి చాలాసేపు అడిగారు. దుమ్మే కారణమని చెప్పలేంగానీ తోడై ఉండొచ్చన్నారు. మాత్రలు ఆ కాపలాని జోకొట్టడానికి. ముఖం గుండ్రంగా అయింది బలంతో కాదు, మాత్రలతో. కాళ్ళలో ఉన్నది కండ కాదు, నీరు.

పోయిన మంగళవారం పొద్దున్న మంచం మీంచి లేవలేకపోయాను. కాళ్ళూ చేతులూ రాళ్ళలా ఉన్నాయి. గుండె తప్పు తప్పుగా కొట్టుకుంది. పొటాషియం అనే ఉప్పు రక్తంలో బాగా పెరిగిందట. కిడ్నీలు నడవనివాళ్ళు ఖర్జూరం, ద్రాక్ష, అంజీరు ముట్టకూడదు. జూలైలోనే కాగితం ఇచ్చారు, నాకు తెలుసు. నీ సంచి అమ్మాయి అటక మీద పెడితే, అది పనికెళ్ళాక దింపుకుని తిన్నాను. మెడలో గొట్టం పెట్టి, రక్తాన్ని మెషీనులోకి పంపి కడిగారు. ఇప్పుడు వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు.

ఎందుకు చెప్పలేదంటే, నువ్వు నిద్రపోయానని రాశావు. నాకు ఊహ తెలిశాక నీ నోట ఆ మాట వినలేదు. దాన్ని పాడు చెయ్యబుద్ధి కాలేదు. ఒక వారం ఉండనిద్దాం అనుకున్నాను. తర్వాత ఇంకో వారం.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే నీ పోయిన ఉత్తరం వల్ల. మూడు పేజీలు రాశావు. నేను అన్నం తిన్నానా అని ఒక్కచోట కూడా అడగలేదు. రెండోసారి వెతికాను. లేదు. ఎవరి ఉత్తరమో పొరపాటున నాకు వచ్చినట్టుంది. మెషీను మీద పడుకోవడం కన్నా అది కష్టంగా ఉంది.

రెండో పార్సెలు విప్పలేదు.

తమ్ముడు

*

ఆగస్టు 17

తమ్ముడూ,

మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

నా చేత్తో ఏరాను. పెద్దవి ఏరాను. చిన్నవైతే తక్కువ తినేవాడివేమో.

అరవై ఏళ్ళుగా రానివాటికల్లా కంగారు పడ్డాను. స్టవ్ ఒక్కసారీ అంటుకోలేదు. కొళాయి ఒక్కసారీ పొంగలేదు. నిజంగా వచ్చినదానికి మాత్రం బిస్కట్లు పంచాను. గుండీల ఆవిడ ఇవాళ, "మీ తమ్ముడికి ఇంకా పెరిగిందా అమ్మా" అని అడిగింది. పెరిగిందన్నాను. ఇంకేమనను.

నీ మీద కోపంగా ఉంది. నా మీద జాలిపడ్డావు. నీకంటే ఆరేళ్ళు పెద్దదాన్ని, నిన్ను చంకనేసుకుని తిప్పినదాన్ని. జాలిపడితే నేను పడాలి. నా నిద్ర కోసం నువ్వు ఆ ఖర్జూరాలు మింగావు. ఆ నిద్ర నాకొద్దు.

మెడలో గొట్టం నొప్పా? దాంతో ఎటు తిరిగి పడుకుంటున్నావు? మెషీను దగ్గర పక్కన ఎవరు కూర్చుంటున్నారు? అమ్మాయి పనికి వెళితే నిన్ను ఇంటికి ఎవరు తెస్తున్నారు? అన్నం తింటున్నావా? ఏం తినొచ్చో ఏం తినకూడదో మొత్తం రాయి. నేను ఏమీ పంపను. తెలుసుకోవాలి, అంతే.

ఇకమీదట నంబరు రాస్తే పక్కన మంచిదో చెడ్డదో అది కూడా రాయి. నేను పెద్దగా చదువుకోలేదు. అక్షరాలు చెక్కే చెయ్యి నీది, ఆ ఒక్క మాట నీకు బరువు కాదు.

అక్క

*

ఆగస్టు 25

అక్కకి,

తిన్నాను. ఉప్పు లేని కూర, కొలిచిన అన్నం. నీళ్ళు రోజుకి మూడు గ్లాసులు దాటకూడదు. తినడం కన్నా దాహం పెద్ద బాధ. కొళాయి మోత వింటే అమ్మాయి మీద విసుక్కుంటున్నాను.

గొట్టం నొప్పి లేదు, దురద. కుడి పక్కకి తిరగను. మెషీను గదిలో ఆరు మంచాలు. నా ఎదురు మంచం ఆయన బస్సు డ్రైవరు. పడుకున్నంతసేపూ కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. పక్కన ఎవరూ కూర్చోరు. అమ్మాయి దించి వెళ్ళి, మళ్ళీ వస్తుంది.

ఖర్జూరాల సంగతి డాక్టరుని అడిగాను, నీ కోసమే. కిడ్నీలు అప్పటికే పోయే దారిలో ఉన్నాయి, అవి తినకపోయినా వారం పది రోజుల్లో మెషీను తప్పేది కాదన్నారు. కాబట్టి ఆ మూట నెత్తి మీంచి దింపు. నీ కోసం తిన్నానని కూడా అనుకోకు. మాత్రల ఆకలికి గోడ సున్నం చూసినా నోరూరుతోంది.

నంబరు 6.1, మెషీను కడిగాక. మంచిదీ కాదు చెడ్డదీ కాదు.

ఇంకో సంగతి. ఇది నా చేత్తోనే, సంతకం పైనే రాస్తున్నాను. నరంలోకి ఎక్కించే పెద్ద మందు ఒకటుంది. మూడు వారాలకొకటి, ఆరుసార్లు. రెండయ్యాయి. రెండోది అయ్యాక నాలుగు రోజులు వాంతులు, జ్వరం, నోరంతా పుండ్లు. మూడోది సెప్టెంబరు 5న. అది ఎక్కించుకుంటే కిడ్నీలు కొంత తిరిగి రావచ్చు, మెషీను తప్పవచ్చు. రాకపోనూ వచ్చు. ఎక్కించుకోకపోతే అవి ఇంక రావు, జబ్బు ఊపిరితిత్తుల మీదికి కూడా పోవచ్చు.

వద్దనుకుంటున్నాను. అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఒకసారి నీ దగ్గర దాచి చూశాను కాబట్టి నీకే ముందు చెబుతున్నాను. నాకు అరవై ఏడు. చెక్కాల్సిన పేర్లన్నీ చెక్కాను. అందరూ ఆశ ఆశ అంటున్నారు. నాకు ఆశ వద్దక్కా, పడుకోవాలని ఉంది.

తమ్ముడు

*

ఆగస్టు 31

తమ్ముడికి,

నీ ఉత్తరం రెండు రోజులు జాకెట్లో పెట్టుకుని తిరిగాను. ఎవరికీ చూపించలేదు.

ఎక్కించుకో అని నేను రాయను. నా సలహా ఎలాంటిదో ఇద్దరం చూశాం. జ్వరం నాకు రాదు, పుండ్లు నా నోట్లో లేవవు. వద్దంటే వద్దు అనే హక్కు నీది.

నాకు ఉన్నది ఒక్కటే మాట. ఐదు వారాలు నన్ను నిశ్చింతగా ఉంచావు. అలాంటి నిశ్చింత నాకు మళ్ళీ ఇవ్వకు. నువ్వు పోతే అది ఎలాగూ వస్తుంది. అప్పుడు ఇంక ఎవరు తిన్నారో, ఎవరు పడుకున్నారో అడగనక్కర్లేదు. స్టవ్ గురించీ కొళాయి గురించీ ఎంత కంగారు పడినా అవి నాకు జవాబు రాయవు. నువ్వు రాస్తావు. రెండు ముక్కలే రాస్తావు, అయినా రాస్తావు.

బతిమాలుతున్నానని అనుకోకు. నాకూ ఓపిక లేదు. ఉన్న సంగతి చెప్పాను.

నేను నాలుగో తారీకు బస్సుకి వస్తున్నాను. వద్దని రాయకు, నీ జవాబు ఇక్కడికి వచ్చేసరికి నేను అక్కడ ఉంటాను. ఎక్కడ దిగాలో మాస్టారు అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుంటాను. మాస్టారు, "అమ్మా, నిద్ర మాత్రం పోకండి" అన్నాడు. ఇంక ఆ భయం లేదన్నాను.

ఐదో తారీకున నువ్వు ఆస్పత్రికి వెళితే అక్కడ మంచం పక్కన కూర్చుంటాను. వెళ్ళకపోతే ఇంట్లో మంచం పక్కన కూర్చుంటాను. ఎటైనా నాకు ఒకటే. కాజాల పని వెంట తెచ్చుకుంటున్నాను, పన్నెండు చొక్కాలు.

అక్క

*

నవంబరు 19

అక్కకి,

నువ్వు వెళ్ళి ఆరు వారాలు దాటింది. మెషీను గదిలో ఎదురు మంచం డ్రైవరాయన, "మీ అక్కగారు మళ్ళీ ఎప్పుడొస్తారు, నా చొక్కా గుండీ ఊడింది" అని అడుగుతుండేవాడు.

సెప్టెంబరు ఐదు నాటి సంగతి నీకు చెప్పలేదు, ఇప్పుడు రాస్తాను. మందు సీసా చేత్తో పట్టుకుని సిస్టరు, "పెద్దాయనా, మొదలుపెట్టమంటారా వద్దంటారా" అని రెండుసార్లు అడిగింది. అమ్మాయి గోడకేసి తిరిగి నిలబడింది. నువ్వు తల ఎత్తలేదు. నీకు వినపడనే లేదేమో. కాజా అంచు చుట్టూ కుట్టుకుంటూ పోతున్నావు. అది పూర్తయ్యేదాకా చూశాను. నువ్వు దారం కొరికి ఇంకో చొక్కా తీశావు. సంచిలో ఇంకా చాలా ఉన్నాయి. "పెట్టండి" అన్నాను. ఆశతో అనలేదు. ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆరూ అయిపోయాయి. ఐదో దానికి మళ్ళీ నాలుగు రోజులు మంచం దిగలేదు. జుట్టు పల్చబడింది. అక్టోబరు మొదట్లో మూత్రం కాస్త ఎక్కువ కావడం నువ్వూ చూశావు. తర్వాత మెషీను వారానికి రెండయింది, ఆ పైన ఒకటయింది. అక్టోబరు 29 తర్వాత వెళ్ళలేదు. పోయిన వారం గొట్టం తీసేశారు. మెడ మీద చిన్న మచ్చ మిగిలింది.

నంబరు 2.7. పోయిన వారం 2.9 ఉండేది. తగ్గుతోంది. ఇది మంచిది.

ఒకటికి మాత్రం రాదన్నారు. కిడ్నీల్లో కొంత భాగం మచ్చ కట్టేసింది, అది తిరిగి రాదు. జబ్బు మళ్ళీ లేవకుండా మాత్రలు చాలాకాలం ఉంటాయి. లేస్తే మళ్ళీ మొదటికి. ఇకమీదట రెండు వారాలకోసారి పరీక్ష. రాతి దుమ్ములోకి వెళ్ళకూడదు. కాగితం మీద అక్షరాలు గీసి ఇస్తున్నాను, చెక్కేవాళ్ళు చెక్కుకుంటున్నారు. వాళ్ళు చెక్కిన వంపులు నాకు నచ్చడం లేదు. నోరు మూసుకుంటున్నాను.

ఇంకా అలసటగానే ఉంది. తిన్నాను.

తమ్ముడు

*

నవంబరు 28

తమ్ముడికి,

2.7 అని రాశావు. పక్కన మంచిది అని కూడా రాశావు. చూశాను. రెండో కాగితం తిప్పి, వెనకాల ఇంకేమన్నా రాశావేమో కూడా చూశాను.

ఊరికే నమ్మలేదు. కిందికి దిగి మాస్టారికి చూపించాను. మంచిదే అన్నాడు. ఆయన పోయినసారి కూడా నాతో పాటు సంతోషించినవాడే కదా, అందుకని వీధి చివర మందుల షాపాయన దగ్గరికి వెళ్ళాను. "ఏడు పైనుంచి వచ్చిందా? అయితే చాలా మంచిది" అన్నాడు. గల్లా దగ్గర పదిమంది ఉంటే తొందరలో అన్నాడేమోనని అనుమానం వచ్చింది. మర్నాడు ఆస్పత్రికి నడిచి వెళ్ళి, నా రక్తం చూసిన సిస్టరమ్మ కోసం గంటసేపు కూర్చున్నాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని నీ ఉత్తరంలో ఆ పేరా మొత్తం చదివింది. నాకు వినపడదని తెలుసు కాబట్టి కాగితం వెనకాల రాసిచ్చింది. "ఇంకా ఎక్కువే. కానీ దిగి వచ్చిన దూరం చూస్తే మంచిదే. జాగ్రత్తగా ఉండాలి." ఆ కాగితం నా దగ్గర ఉంది.

ముగ్గురూ మంచిదే అన్నారు.

ఆ మాత్రలు కాపలాని జోకొడతాయని రాశావు కదా. మరి జోకొడితే దగ్గే వాళ్ళూ తుమ్మే వాళ్ళూ నీ దగ్గరికి వస్తే ఎలా? ఆ చెక్కేవాళ్ళు అక్షరాల కోసం ఇంటికొస్తారా? వస్తే వాకిట్లోనే నిలబెట్టు. వాళ్ళ బట్టల మీద దుమ్ముంటుంది. నిన్న చలిగాలి తగిలి నాకు రెండు తుమ్ములు వచ్చాయి. నేను తుమ్మితే ఏమవుతుంది, నీ కిటికీ వేసి ఉందా అని అనుకున్నాను. జుట్టు పల్చబడితే తలకి చలి వేస్తుంది, టోపీ కుడుతున్నాను. తినేది కాదు కాబట్టి పంపవచ్చు.

నాకు లోపల ఒకటి మెదులుతోంది తమ్ముడూ, సంతోషంలాంటిదే. పనిలో ఉంటే తెలియడం లేదు. చేతులు ఖాళీ అయితే పైకి వస్తానంటోంది. రానివ్వడం లేదు. పోయినసారి ఎలా వచ్చిందో నాకు బాగా గుర్తుంది.

రెండు వారాలకి ఇంకో పరీక్ష ఉందన్నావు. ఆ నంబరు కూడా రానీ. అది చూసి, డాక్టరుని అడిగి, అమ్మాయిని కూడా అడిగి, అప్పుడు నువ్వు నీ చేత్తో "అక్కా, ఇంక సంతోషించు" అని రాయి. సంతోషిస్తాను. నువ్వు రాయకుండా మాత్రం నేను మొదలుపెట్టను.

అక్క